నిద్ర లేని రాత్రి మర్నాడు అమ్మ ముగ్గు తప్పుతోంది, అడుగు తూలుతోంది. రెండింటికీ సంబంధం ఉందా?

తెనాలి ముగ్గుపిండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 73. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక నాలుగేళ్లుగా తెనాలిలో నా దగ్గరే ఉంటోంది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, కరెంటు బిల్లు అన్నీ ఆమెకి నోటిమీదే. నేను ఫోన్లో కాలిక్యులేటర్ తీస్తే "ఏమే, వేళ్లు అరిగిపోయాయా" అంటుంది.

ఈసారి నెలగంట పెట్టిన రోజు నుంచి భోగి దాకా రోజూ తెల్లవారుజామున వాకిట్లో పెద్ద ముగ్గు వేసింది. నేను ఫొటో తీసి పుణెలో ఉన్న అక్కకి వాట్సాప్‌లో పంపేదాన్ని. పండగ వెళ్లాక అక్క ఫోన్ చేసి, "అమ్మకి ఒంట్లో బాగుందా? ముగ్గులు చూశావా అసలు?" అంది. ఫొటోలు తీశాను గానీ చూడలేదు, అదీ నా సంగతి. ఇద్దరం వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ చూశాం. 29 ఫొటోల్లో 8 తప్పు. 15 చుక్కలు పెట్టి 8 వచ్చేదాకా సందు చుక్కలతో దిగే ముగ్గు ఉంటుంది కదా, ఒక పక్క 8కి దిగింది, రెండో పక్క 9 దగ్గరే ఆగిపోయింది. ఇంకొకదాంట్లో మెలిక తిరగాల్సిన చోట తిరగకుండా బయటికి వెళ్లిపోయింది. ఇదివరకైతే చుక్క ఒకటి పక్కకి జరిగినా చీపురుతో ఊడ్చేసి మళ్లీ మొదలుపెట్టేది. ఇప్పుడు తప్పిందనే తెలియలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

నాది అమెరికా షిఫ్టు. రాత్రి రెండున్నర దాకా హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంటాను. అమ్మ బాత్రూంకి వెళ్లాలంటే నా ముందు నుంచే వెళ్లాలి. ఆ టైములో అక్కకి ఏదో ఒకటి మెసేజ్ పెడుతుంటాను కాబట్టి "అమ్మ మళ్లీ లేచింది", "నాలుగోసారి" లాంటివి తేదీలతో సహా ఉన్నాయి. ఆ 8 తప్పు ముగ్గుల్లో 6 అలాంటి రాత్రుల మర్నాడు వేసినవే.

అదే రోజుల్లో నడకలో కూడా తేడా ఉంటోంది. గొంతుక్కూర్చుని లేచేటప్పుడు గేటు పట్టుకుంటోంది. నడుస్తూ నేనేదైనా అడిగితే ఆగి, అప్పుడు జవాబు చెబుతోంది. మొన్న ఆదివారం రాత్రి బాత్రూం గడప దగ్గర తూలి తలుపు గొళ్లెం పట్టుకుంది. మణికట్టు కమిలింది. ఎముకకేమీ కాలేదు. దగ్గర్లో ఒకచోట చూపిస్తే "వయసమ్మా, ఇంకేముంటుంది" అని రెండు నిమిషాల్లో పంపించేశారు.

ఇది నిద్ర వల్లేనా? లేక మతిమరుపు జబ్బు మొదలవుతోందా? ముగ్గు మానిపించమని మా ఆయన అంటున్నారు. ఆమెకి మానమని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

---

గోదావరి ఫిజియో

అమ్మా, మీరు ముందు ఒక మంచి పని చేశారు. ఏ రాత్రికి ఏ పగలు అన్నది జత చేసి చూశారు. నేను 30 ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ చేసి రిటైరయ్యాను. పడిపోయి తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్లని "ఎలా పడ్డారు" అని అందరూ అడుగుతారు. "ముందు రాత్రి పడుకున్నారా" అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటి పదేళ్లు నేనూ అడగలేదు.

కాళ్లలో బలం ఉంటే చాలు, పడిపోం అనుకుంటాం. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా మనిషి సన్నగా ఊగుతూనే ఉంటాడు. ఆ ఊగుడుని కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు కనిపెట్టి మెదడుకి చెబుతాయి. మెదడు క్షణం ఆలస్యం లేకుండా పిక్కల్నీ నడుముని సర్దుతుంది. వయసు పెరిగే కొద్దీ ఈ మూడూ కొంచెం కొంచెం మొద్దుబారతాయి. శుక్లాలు వస్తాయి, షుగరుంటే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ లోటు పూడ్చడానికి ధ్యాస ఖర్చు పెట్టాలి. మీరు ఫోన్ మాట్లాడుతూ మెట్లు దిగిపోతారు. మీ అమ్మగారు ప్రతి మెట్టునీ పట్టించుకుంటూ దిగాలి. నిద్ర చాలకపోతే అన్నిటికంటే ముందు కొట్టుకుపోయేది ఆ ధ్యాసే. అందుకే ముగ్గు తప్పడం, అడుగు తూలడం రెండూ ఒక్క పర్సులోంచి పెట్టే ఖర్చులు. పర్సు ఖాళీ అయితే రెండు చోట్లా అప్పే.

నడుస్తూ మాట్లాడమంటే ఆగిపోతున్నారని రాశారు చూశారా, అది ఊరికే వదిలేసే మాట కాదు. అలా ఆగిపోయే పెద్దవాళ్లు తర్వాతి నెలల్లో పడే అవకాశం ఎక్కువని స్వీడన్‌లో గమనించి 1997లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు.

ఇంట్లో రెండు పరీక్షలు చేయండి. గోడ పక్కగా చేతుల కుర్చీ వేసి, మూడు మీటర్ల దూరంలో నేల మీద గీత గీయండి. అమ్మగారు కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఫోన్లో టైము చూడండి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. బాగా పడుకున్న మర్నాడు ఒకసారి, పడుకోని మర్నాడు ఒకసారి చేయించండి. మీరు పక్కనే, చెయ్యి అందేంత దగ్గరలో ఉండాలి. రెండోది బీపీ. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది డాక్టరుకి చెప్పాల్సిన విషయం. కళ్లు తిరుగుతున్నాయా అని కూడా అడగండి.

ఇంకా ముఖ్యం, ఏయే మాత్రలు వేసుకుంటున్నారో, ఏ పూట వేసుకుంటున్నారో అన్నీ రాయండి. దగ్గు మందుతో సహా.

ముగ్గు మానిపించొద్దు. వంగడం, లేవడం, చుక్కలు లెక్కపెట్టడం, అన్నీ కలిపి అంతకంటే మంచి వ్యాయామం నేను రాసివ్వలేను. ఎత్తు పీట మీద కూర్చుని వేయమనండి, లేచేటప్పుడు పట్టుకోడానికి బరువైన కుర్చీ పక్కన పెట్టండి. నిద్ర లేని రోజు చిన్న ముగ్గు వేస్తారు, పోయేదేముంది.

---

పాతకాలం మనిషి

వయసొస్తే నిద్ర తగ్గుతుంది. మా నాయనమ్మ మూడింటికే లేచి కవ్వం పట్టేది, తొంభై ఏళ్లు బతికింది. ప్రతిదానికీ పరీక్షలు, టెన్షన్లు. వదిలేయండి.

---

గోదావరి ఫిజియో

మూడింటికి లేచే మీ నాయనమ్మగారు ఎన్నింటికి పడుకునేవారండీ? దీపం పెట్టాక ఏడున్నరకే కదా. అంటే ఏడు గంటల పైనే. 65 దాటినవాళ్లకి కూడా ఏడెనిమిది గంటలు కావాలని అమెరికాలో నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. వయసుతో తగ్గేది ఏకబిగిన పడుకోగలిగే శక్తి. గాఢ నిద్ర పలచబడుతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది, ఒంట్లో గడియారం కూడా ముందుకి జరుగుతుంది కాబట్టి పెందలాడే కునుకొచ్చి పెందలాడే తెల్లారుతుంది. అంతవరకు మామూలే. రాత్రికి నాలుగుసార్లు లేవడం, మర్నాడు తూలడం మామూలు కాదు.

---

తెనాలి ముగ్గుపిండి

ఫిజియో గారూ, చాలా థాంక్సండీ. చేశాను.

కుర్చీ పరీక్ష బాగా పడుకున్న మర్నాడు 11 సెకన్లు, నిన్న పొద్దున 15. నిన్న గీత దగ్గర తిరిగేటప్పుడు నాలుగైదు చిన్న అడుగులు వేసి తిరిగింది. బీపీ పడుకున్నప్పుడు పైది 146, నిలబడిన నిమిషానికి 120. అడిగితే "కొంచెం కళ్లు బైర్లు కమ్ముతాయి, అది ఎప్పుడూ ఉండేదే" అంది. ఎప్పుడూ ఉండేదట! ఒక్కసారి చెప్పలేదు.

మాత్రల డబ్బా బోర్లించాను. పొద్దున బీపీకి ఆమ్లోడిపిన్, షుగరు మాత్ర. నీరు లాగే మాత్ర కూడా పొద్దుటిదే, కానీ "అన్నీ ఒక్కసారే ఎందుకు, పొట్టలో మంట" అని తనే దాన్ని రాత్రి భోజనం తర్వాతకి మార్చుకుందట, ఏడాదిగా. నాన్న పోయినప్పుడు నిద్ర పట్టట్లేదని రాసిచ్చిన ఆల్ప్రజోలామ్ నాలుగేళ్లుగా రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకుంటోంది. మొదట సగం, ఇప్పుడు పూర్తిది, 0.25 మిల్లీగ్రాములది. అదిగాక తుమ్ములు వస్తాయని జలుబు మాత్ర, అది కూడా రోజూ రాత్రే. జలుబు మాత్ర మాత్రల్లో లెక్క అని ఆమెకీ తోచలేదు, నాకూ తోచలేదు.

---

ఓరుగల్లు మందుల కొట్టు

నేను మందుల షాపు నడుపుతాను, డాక్టరుని కాను. అయినా ఈ మూడూ రాత్రి పూట ఒకచోట కలవడం చూశాక ఊరుకోలేకపోయాను.

నీరు లాగే మాత్ర రాత్రి వేసుకుంటే ఆ నీరు రాత్రే పోవాలి కదా. నాలుగుసార్లు లేవడానికి సగం కారణం అక్కడే దొరకొచ్చు. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి వచ్చి అదీ మూత్రం అవుతుంది. సాయంత్రం సాక్సు గీత కాలి మీద పడుతోందేమో చూడండి.

జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది మత్తే. నోరు ఎండడం, మలబద్ధకం, మెదడు మసకబారడం పెద్దవాళ్లలో ఎక్కువ. దీన్నీ, ఆల్ప్రజోలామ్ జాతి మందుల్నీ, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రల్నీ 65 దాటినవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వొద్దని అమెరికా వృద్ధుల వైద్యులు బీర్స్ జాబితా అని ఒకటి పెట్టుకున్నారు. 1991లో మొదలైంది, 2023లో కూడా సవరించారు. జోల్పిడెమ్ సంగతి చూడండి, పొద్దుటికి కూడా ఒంట్లో మిగిలిపోతోందని 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ల మోతాదు 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించింది.

ఇప్పుడు మీ అమ్మగారు లెక్కల టీచరు కాబట్టి లెక్క చెబుతాను. ఆల్ప్రజోలామ్ మామూలు వయసువాళ్ల రక్తంలో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు పడుతుంది, పెద్దవాళ్లలో 16 గంటలు. రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకుంటే తెల్లవారి ఐదుకి ఎన్ని గంటలయ్యాయి? ఏడున్నర. అంటే ముగ్గు గిన్నె పట్టుకునే సమయానికి మందు సగం కంటే ఎక్కువే ఒంట్లో ఉంది. కండరాలు వదులై, చురుకు తగ్గి, ఆ మీదట నిద్ర సరిపోలేదు. పైగా ఈ జాతి మందులు నిద్రపుచ్చుతాయి గానీ గాఢ నిద్రని తగ్గిస్తాయి. పట్టిన నిద్ర కూడా పల్చటి నిద్రే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. రేపటి నుంచి మానేయమని డబ్బా దాచేయకండి. నాలుగేళ్ల అలవాటు. మా తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలామ్ కలిపి అమ్మే దరిద్రం ఒకటుంది. ఆ కల్లు ఒక్కసారిగా దొరకనప్పుడు తాగే అలవాటున్నవాళ్లు చేతులు వణికి, పిచ్చిపిచ్చిగా మాట్లాడి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. అదే మందు, మాత్రలో ఉన్నా అంతే. కొద్దికొద్దిగా, వారాల మీద, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. పాత చీటీ చూపిస్తే ఇచ్చేసే షాపులున్నాయి. మా వృత్తికి అది మచ్చే.

---

నైట్ సర్వీస్ డ్రైవర్

ఆర్టీసీలో 31 ఏళ్లు బండి నడిపిన. అందులో పన్నెండేళ్లు హైదరాబాద్ తిరుపతి నైట్ సర్వీసు. నిద్రలేమి అంటే నాకు పుస్తకం అక్కర్లేదు. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు కనబడుతూనే ఉంటది, కానీ రెండు సెకన్లు మనిషి అక్కడ ఉండడు. కర్నూలు దాటినంక టీ తాగకపోతే ఆ రెండు సెకన్లు నాలుగైతయి. మీ అమ్మగారి ముగ్గులో తప్పిన మెలిక చదివితే నాకు అదే గుర్తొచ్చింది. ఆ మెలిక దగ్గర ఆమె రెండు సెకన్లు లేదు.

నా సంగతి వేరే. రిటైరయ్యాక పగటి నిద్ర, మతిమరుపు మొదలైనయి. తాళం ఎక్కడ పెట్టిన్నో తెలవదు, మనవడి పేరు బదులు కొడుకు పేరు. ఇంట్లో నడుస్తుంటే భుజం తలుపుకి తగిలేది. ఇన్నేళ్లు బస్సును సందుల్లోంచి తీసిన మనిషిని, సొంత తలుపులోంచి దూరలేకపోతున్న. నా భార్య చెప్పింది, నువ్వు గురక పెడతావు, మధ్యలో గురక ఆగిపోతది, ఊపిరి కూడా ఆగిపోతది, నాకు భయమైతది అని. ఆమె నాకు చెప్పి ఆరేళ్లు, నేను విన్నది అరవై ఎనిమిదో ఏట. ఆసుపత్రిలో ఒక రాత్రి తలకు, ఛాతీకి వైర్లు పెట్టి పండబెట్టిండ్రు. గంటకు సగటున 34 సార్లు ఊపిరి ఆగుతోందన్నరు, లేకుంటే బాగా తగ్గుతోందన్నరు. 30 దాటితే తీవ్రమట.

ఇప్పుడు ముక్కుకి మాస్కు తగిలించి గాలి వదిలే మిషను పెట్టుకుని పండుకుంట. మొదటి పది రోజులు నరకం. మాస్కు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. తర్వాత అలవాటైంది. విచిత్రం ఏందంటే, రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాణ్ణి, ఒక్కసారికి వచ్చింది. ప్రొస్టేటు అనుకుని మందులు కూడా వాడిన. ఊపిరి ఆగినప్పుడు గుండె మీద ఒత్తిడి పడి, మూత్రం ఎక్కువ చేసే హార్మోను ఒకటి వదులుతదని డాక్టరు చెప్పిండు. మూత్రం కోసం మెలకువ వచ్చిందనుకుంటం, ఊపిరి ఆగి మెలకువ వచ్చినంక మూత్రం గుర్తొస్తది.

ఆడవాళ్లకు గురక ఉండదు అనుకోకండి. మీరు రెండున్నర దాకా మేలుకునే ఉంటరు కదా, ఒకసారి తలుపు దగ్గర నిలబడి వినండి.

---

భీమిలి తీరం

డ్రైవరు గారూ, "రెండు సెకన్లు లేదు" అన్నది ఎంత బాగా చెప్పారో.

ముగ్గుపిండి గారు అడిగిన ఇంకో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇది మతిమరుపు జబ్బేనా అన్నది. మా నాన్నగారికి డిమెన్షియా. ఏడేళ్లు చూసుకున్నాను. నేను చూసిన తేడా చెబుతాను, డాక్టరు చెప్పాల్సింది డాక్టరు చెబుతారు.

నిద్ర వల్ల వచ్చే మతిమరుపు రోజుని బట్టి మారుతుంది. బాగా పడుకున్న మర్నాడు మీ అమ్మగారు మళ్లీ లెక్కల టీచరే కదా, 21 ముగ్గులు సరిగ్గా వచ్చాయి కదా. నాన్నగారికి మంచి రోజులు కూడా నెల నెలకీ కిందికి దిగాయి. వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్లి దారి తప్పారు. డబ్బులు లెక్కపెట్టడం ఎలాగో మర్చిపోయారు. అలాంటివి ఉన్నాయా చూడండి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా అయోమయమైతే అది మూడో రకం. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో, కొత్త మందో కారణమవుతుంది. నీరు లాగే మాత్ర వేసుకునేవాళ్లలో సోడియం పడిపోవడం తక్కువేమీ కాదు. ఆ రోజు నెట్‌లో అడగడం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సోడియం, బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, దానివల్ల కాళ్ల తిమ్మిరీ వస్తుంది, మతిమరుపూ వస్తుంది.

ఇంకొకటి. నిద్రలో కేకలు వేయడం, కలలో ఎవర్నో తంతున్నట్టు నిజంగానే కాలు విసరడం ఉంటే న్యూరాలజిస్టుకి తప్పకుండా చెప్పండి. పార్కిన్సన్స్ లాంటివి బయటపడడానికి ఏళ్ల ముందే కొందరిలో అలా మొదలవుతుంది. మా నాన్నగారు నిద్రలో మంచం మీద నుంచి దూకితే మేం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తక్కువ నిద్రకీ డిమెన్షియాకీ సంబంధం గురించి ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగుల మీద పాతికేళ్లు సాగిన పరిశీలన ఉంది. 50, 60 ఏళ్ల వయసులో రాత్రికి ఆరు గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవాళ్లలో, ఏడు గంటలు పడుకున్నవాళ్లతో పోలిస్తే డిమెన్షియా సుమారు 30 శాతం ఎక్కువ కనిపించిందని 2021లో ప్రచురించారు. నిద్ర తక్కువై జబ్బు వచ్చిందా, జబ్బు లోపల మొదలై నిద్ర చెడిందా అన్నది అంత తేలిక లెక్క కాదు. అది చదివి మీరు అమ్మగారి గురించి బెంగపడతారు, నేనైతే రెండున్నర దాకా మేలుకునే మీ గురించి బెంగపడుతున్నాను.

---

తెనాలి ముగ్గుపిండి

మూడు నెలలైంది. మధ్యలో రాయలేకపోయాను, క్షమించండి.

మాత్రల డబ్బా, బీపీ అంకెలు, ఫొటోలు అన్నీ పట్టుకుని గుంటూరులో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూశారు. "ఇలాంటి రిపోర్టు ఇంతవరకు నాకెవరూ తేలేదు" అన్నారు. అమ్మ ముఖం చూడాలి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలాగా.

నీరు లాగే మాత్రని పొద్దుటికి మార్చారు, మోతాదు కూడా తగ్గించారు. జలుబు మాత్ర మాన్పించి ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. మొదటి వారంలోనే లేవడం నాలుగుసార్ల నుంచి రెండుసార్లకి వచ్చింది. కాళ్లకి వాపు నిజంగానే ఉంది, చీర కుచ్చిళ్ల కింద మాకు కనబడలేదు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి గంటసేపు కాళ్లు దిండ్ల మీద పెట్టుకుని పడక కుర్చీలో వార్తలు చూస్తోంది. సోడియం కొంచెం తక్కువుంది, బీ12 బాగా తక్కువుంది. ఇంజెక్షన్లు అయ్యాయి. గురక విన్నాను, పెద్దగా లేదు, ఊపిరి ఆగడం కూడా కనబడలేదు. మతిమరుపు పరీక్షలో అమ్మ వంద నుంచి ఏడేసి తీసేస్తూ డాక్టరమ్మ ఆపమనేదాకా చెప్పుకుంటూ పోయిందట. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు.

కష్టమైంది ఆల్ప్రజోలామే. ఓరుగల్లు వారు చెప్పకపోయి ఉంటే నేను నిజంగా డబ్బా దాచేసేదాన్నే. రెండు మూడు వారాలకోసారి కొంచెం చొప్పున తగ్గిస్తున్నారు. తగ్గించిన ప్రతిసారీ మూడు నాలుగు రాత్రులు నిద్ర లేదు, చిరాకు, నా మీద అరుపులు. ఒక రాత్రి ఒంటిగంటకి వచ్చి నా పక్కన కూర్చుని, "మీ నాన్న ఉన్నప్పుడు ఆ ఫ్యాన్ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు ఫ్యాన్ మార్చాక కూడా పట్టట్లేదు" అంది. నాలుగేళ్లలో నాన్న గురించి అలా మాట్లాడింది అదే మొదటిసారి. ఆ రాత్రి నేను ఆఫీసు పని పక్కన పెట్టేశాను. ఇప్పుడు పావు మాత్ర దగ్గరున్నాం.

పగటి కునుకు రెండు గంటలుండేది, అలారం పెట్టి అరగంటకి తెచ్చాం. మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. దీని మీద జరిగిన యుద్ధం ఇక్కడ రాయను. ఎనిమిదికే సీరియల్ ముందు తూగి, మూడింటికి లేచి కూర్చునేది. సాయంత్రం వెలుతురు ఉండగా ఆరింటి దాకా డాబా మీద నడిపిస్తే పడుకునేది తొమ్మిదిన్నరకి జరిగింది. మంచం నుంచి బాత్రూం దాకా గోడకి కింద చిన్న లైట్లు పెట్టించాం, గడప తీయించేశాం, లోపల పట్టుకోడానికి కడ్డీ బిగించాం. లేచాక మంచం అంచున కూర్చుని కాళ్లు కాసేపు ఆడించి, అప్పుడు నిలబడుతోంది. బీపీ తేడా 26 నుంచి 12కి వచ్చింది. కుర్చీ పరీక్ష ఇప్పుడు చాలా రోజులు 11, 12 మధ్య.

అంతా సర్దుకుందని కాదు. మొన్న పెద్దమ్మ మనవరాలి పెళ్లికి విజయవాడ వెళ్లాం, ముహూర్తం రాత్రి రెండున్నరకి. మర్నాడు కల్యాణమండపం మెట్ల మీద మళ్లీ తూలింది, నా చెయ్యి పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఆటో డబ్బులు రెండుసార్లు ఇవ్వబోయింది. ఆ తర్వాత రెండు రోజులు బాగా పడుకుంది, మూడో రోజుకి మామూలు మనిషైంది.

భీమిలి వారూ, నేను షిఫ్టు మార్చమని అడిగాను. జూన్ నుంచి అంటున్నారు, చూడాలి.

నిన్న అమ్మకి ఈ చర్చ మొదటి నుంచి చదివి వినిపించాను. కళ్లజోడు తుడుచుకుంటూ అంతా వింది. పాతకాలం వారి నాయనమ్మగారి దగ్గర నవ్వింది. డ్రైవరు గారి తలుపు దగ్గర "పాపం" అంది. చివరికి నా ఫోన్ లాక్కుని ధనుర్మాసం ఫొటోలన్నీ మళ్లీ ముందు నుంచి చూసింది.

"తప్పింది 8 కాదే, 9. భోగి నాటిది కూడా తప్పే. నీకు చుక్కలు లెక్కపెట్టడం ఎప్పుడొచ్చింది గనక" అంది.